నీ కాగితం ఎవరి పేరున ఉంది?

గజపతినగరం

అమ్మలూ,

ఫోనులో నువ్వడిగినవాటికి జవాబు చెప్పకుండా పెట్టేశానని మీ అమ్మ నొచ్చుకుందట. చట్టం సంగతులు ఫోనులో చెబితే సగం గాలికి పోతాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పక్కన బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి, రాసిస్తేనే నాకు స్థిమితం. అమెరికా చట్టం బళ్ళో చదువుకోలేదు. కానీ గ్రీన్ కార్డు దరఖాస్తుకి పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదంటూ తల్లిదండ్రుల చేత అఫిడవిట్లు రాయించుకోడానికి వచ్చిన పిల్లలెందరో. వాళ్ళ కాగితాలన్నీ తిరగేసి చదవడం నా అలవాటు.

దస్తావేజు చేతికొస్తే నేను ముందు చూసేది హక్కు ఎవరిదని. నువ్వు అమెరికా వెళ్తున్నది హెచ్-4 మీద, అంటే భార్యగా ఇచ్చే వీసా మీద. దానికి ఆధారం మీ ఆయన ఉద్యోగ వీసా, హెచ్-1బీ. ఆయన హెచ్-1బీకి ఆధారం కంపెనీ వేసిన పిటిషను. అంటే మీ ఇద్దరి కాపురమూ మూడోవాడి సంతకం మీద ఉంది. ఉద్యోగం పోతే ఆయనకి సాధారణంగా 60 రోజులు గడువిస్తారు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషను వెయ్యాలి, లేదా వేరే హోదాకి మారాలి, లేదా తిరిగి రావాలి. ఆ 60 రోజులు నీవి కూడా. ఇంటికి అప్పు తీసుకునే ముందు ఈ లెక్క ఇద్దరూ కూర్చుని వేసుకోండి.

"దానికక్కడ ఉద్యోగం చేసుకోవచ్చేటి?" అని మీ అమ్మ అడిగింది. వెళ్ళగానే కాదు. సాధారణంగా మీ ఆయన గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 ఆమోదం పొందాకే నువ్వు పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోగలవు. ఈ వెసులుబాటు 2015లో వచ్చింది. అనుమతి కార్డు చేతికి రాకముందు తెలిసినవాళ్ళ కొట్లో గంట కూర్చుని డబ్బు తీసుకున్నా తప్పే.

ఇంకొకటి, మనవాళ్ళు తరచూ పొరబడేది. పాస్‌పోర్టులో అంటించే వీసా అక్కడి గడప దాకా వెళ్ళడానికే. ఎన్నాళ్ళుండొచ్చో చెప్పేది ఐ-94. దిగిన రోజే దాన్ని ఇంటర్నెట్‌లో తీసి తేదీ చూడు. పాస్‌పోర్టు గడువు దగ్గర పడితే ఐ-94 కూడా అక్కడికే కత్తిరించేస్తారు, వీసాలో ఇంకా రెండేళ్ళున్నా సరే. హోదా లేకుండా 180 రోజులు దాటి ఉండి బయటికొస్తే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు మళ్ళీ రానివ్వరు.

అన్నిటికంటే కఠినమైనది దొంగ కాగితం. లేని అనుభవానికి సర్టిఫికెట్ పుట్టించి వీసా అడిగితే జీవితాంతం తలుపు మూసుకుపోవచ్చు. 2011లో కాలిఫోర్నియాలో దొంగ కాగితాల మీద నడిచిన ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన తెలుగు పిల్లల కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారని పేపర్లు గగ్గోలు పెట్టాయి. ఆ కాలేజీ నడిపినామెకి తర్వాత జైలు పడింది. పిల్లల చదువు మాత్రం ఎవరు తిరిగిస్తారు?

గ్రీన్ కార్డు మాటకొస్తే, ఓపిక పట్టాలి. ఉద్యోగం మీద ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000. ఏ దేశానికీ 7 శాతం మించకూడదు. మనదేశమూ, ఐస్‌లాండూ ఆ లెక్కలో ఒకటే. అందుకే 2025లో రెండో కేటగిరీలో మనవాళ్ళకి 2013 ప్రాంతంలో వేసుకున్నవారి వంతు నడిచింది. ఐ-140 ఆమోదం ఉంటే హెచ్-1బీని ఆరేళ్ళు దాటి కూడా పొడిగించుకోవచ్చు కాబట్టి ఆ క్యూలో నిలబడే అక్కడ బతికేస్తున్నారు. ఇది న్యాయమేనా అంటే కాదనే నా తీర్పు, కానీ చట్టం అదే.

మీ అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలంటే గ్రీన్ కార్డు చాలదు. నువ్వు పౌరురాలివి కావాలి, 21 ఏళ్ళు నిండాలి. గ్రీన్ కార్డు వచ్చిన అయిదేళ్ళకి పౌరసత్వం అడగొచ్చు. తల్లిదండ్రులకి కోటా లేదు, త్వరగానే అవుతుంది. తమ్ముడికైతే దాదాపు ఇరవై ఏళ్ళ నిరీక్షణ. వాడి చదువు ఆ ఆశ మీద ఆపకండి. ఇక పిల్లలు అక్కడ పుడితే అమెరికా పౌరులే అన్నది 1898 నుంచీ నిలిచిన తీర్పు. 2025 జనవరిలో తాత్కాలిక వీసాలవాళ్ళ పిల్లలకి ఆ హక్కు లేదంటూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు, కింది కోర్టులు ఆపాయి. నీకు అవసరమొచ్చే నాటికి ఎక్కడ తేలిందో లాయర్ని అడుగు.

పౌరసత్వం చిన్న సంగతి కాదమ్మా. మన విశాఖ రేవు నుంచి మనవాళ్ళు స్టీమరెక్కి రంగూన్‌కి కూలికి వెళ్ళేనాటికి బర్మా ఇండియాలోనే ఒక రాష్ట్రం. 1937లో దాన్ని విడదీశారు. మనుషులు కదల్లేదు, వాళ్ళ కింద దేశం మారింది. 1942లో జపాను బాంబులకి అడవుల్లో నడిచొచ్చినవాళ్ళు కొందరు, 1962లో సైన్యం గద్దెనెక్కాక అంతా వదులుకుని వచ్చినవాళ్ళు ఇంకొందరు. విశాఖ బర్మా క్యాంపు పేరు వాళ్ళ మూలంగా వచ్చిందే.

మనదేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అమెరికా పౌరసత్వం పుచ్చుకున్న రోజే ఇక్కడిది పోతుంది, పాస్‌పోర్టు అప్పగించాలి. బదులుగా ఓసీఐ కార్డు ఉంది, 2006లో హైదరాబాదులోనే మొదలుపెట్టారు. దానితో జీవితాంతం వచ్చిపోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు లేదు. వ్యవసాయ భూమి కొనడానికి లేదు.

ఈ భూమి సంగతే నేనింత రాయడానికి అసలు కారణం. పసుపు కుంకుమ కింద మెరక చేను నీ పేరున గిఫ్టు రాస్తానన్న మీ నాన్న, నువ్వు నాలుగేళ్ళకోసారి ఇక్కడికి వచ్చినప్పుడు చూద్దామంటున్నాడు. అలా కుదరదు. నువ్వు అక్కడ కాపురం పెట్టాక, చేతిలో భారత పాస్‌పోర్టే ఉన్నా సరే, ఫెమా అనే విదేశీ మారక చట్టం నిబంధనల ప్రకారం సాగుభూమి కొనకూడదు, గిఫ్టుగానూ పుచ్చుకోకూడదు. వారసత్వంగా వస్తే ఫరవాలేదు. ఇక్కడ ఉండగా రాయించుకున్నది వెళ్ళాక కూడా నీదే.

మీ ఆయన మంచివాడే, నాకు అనుమానమేమీ లేదు. అయినా నీ పాస్‌పోర్టు నీ దగ్గరే పెట్టుకో, మీ ఇద్దరి కాగితాల నకళ్ళు అమ్మకి పంపు. భర్త చేతిలో హింస పడే హెచ్-4 భార్యకి విడిగా పని అనుమతి అడిగే దారి ఉంది. ఇక్కడ జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై విభాగముంది. తెలిసి ఉండు, అంతే.

మీ ఆయన సెలవు ముగిసేలోగా ఇద్దరూ ఓసారి గజపతినగరం రండి. పెళ్ళి రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. శుభలేఖ, పెళ్ళి ఫోటోలు, ఆధార్లు, పదో తరగతి సర్టిఫికెట్లు, సాక్షులు కావాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో సర్టిఫికెట్లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి, పొడి అక్షరాలు పనికిరావు. మీ నాన్నని చేను పాస్‌బుక్, లింకు దస్తావేజు పట్టుకుని రమ్మను. రెండు పనులూ ఒకే రోజు చేయించేద్దాం.

మీ తాత