ఉత్తరాంధ్ర నీళ్లకు తగిన సొంత పడవ: మేనల్లుడికి మామయ్య లేఖ

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పడవ నడవగల నీరు ముక్కలు ముక్కలుగా ఉంది. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలోని కలహండి కొండల వైపు పుట్టి, చెరి సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తాయి. పొడవు చూస్తే ప్రయాణానికి కొదవ లేదనిపిస్తుంది. సంక్రాంతి దాటాక మాత్రం ఈ ఏళ్లలో చాలా చోట్ల మోకాలి లోతు పాయలు, వాటి చుట్టూ ఇసుక మేటలే మిగులుతాయి. పడవకు చాలినంత లోతు నిలిచేది ఆనకట్టల వెనకాల, రిజర్వాయర్లలో, సముద్రపు పోటు ఎక్కే మొగల్లో. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీ, దానికి దిగువన నారాయణపురం ఆనకట్ట, వంశధార మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, సువర్ణముఖి మీద మడ్డువలస, గోస్తని మీద గంట్యాడ మండలంలోని తాటిపూడి మొదటి రెండు రకాలవి. కళింగపట్నం దగ్గర వంశధార, కోనాడ దగ్గర చంపావతి, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట్లు మూడో రకం.

2016 జాతీయ జలమార్గాల చట్టం దేశంలో 111 జలమార్గాలను ప్రకటించి, వాటిలో నాగావళినీ చేర్చింది. జాబితాలో పేరు చూసి శ్రీకాకుళం నుంచి తోటపల్లి దాకా పడవలో పోవచ్చని అనుకోకూడదు. గోదావరి డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక కాలువల మీద పడవలు ఊరి నుంచి ఊరికి సరుకులు మోశాయి. ఉత్తరాంధ్రకు అలాంటి కాలువలు లేవు. ఒక నీటి ముక్క నుంచి మరో ముక్కకు పడవ రోడ్డు మీదే వెళ్లాలి. పడవ ఎంత ఉండాలి, దేనితో చెయ్యాలి, ఏ ఇంజన్ పెట్టాలి అన్న ప్రశ్నలన్నింటికీ జవాబు ఇక్కడి నుంచే వస్తుంది.

12 నుంచి 14 అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, చదునైన అడుగు ఉండి, మనుషులెక్కాక కూడా అడుగు లోతు లోపే మునిగే తేలికైన పడవ ఇక్కడికి సరిపోతుంది. ఇసుకలో తట్టుకుంటే ఇద్దరు దిగి నెట్టగలగాలి, ఒడ్డున ఐదారుగురు ఎత్తగలగాలి. పడుకునే గది, వంటగది, పైకప్పు ఉన్న పడవ ఫొటోల్లో ఎంత ఆకర్షించినా ఇక్కడ కొనదగ్గది కాదు. అది ఒక్క రిజర్వాయరుకే కట్టుబడిపోతుంది, వేసవిలో నీరు తగ్గితే ఎండలో బీటలు వారుతుంది. నీటి మీద రాత్రి గడపాలన్న కోరిక ఉన్నవారు గోదావరికి వెళ్లి అద్దె పడవలో తీర్చుకోవడం మేలు.

తీరంలోని మత్స్యకార గ్రామాల్లో పాత ఫైబర్ తెప్పలు తక్కువ ధరకు దొరుకుతాయి. కొత్తగా కొనేవారు ముందు వీటి వైపే మొగ్గుతారు. అవి సముద్రపు కెరటాన్ని కోసుకుంటూ వెళ్లడానికి, ఇసుక ఒడ్డుకు ఢీకొన్నా తట్టుకోవడానికి కట్టినవి. అణియం ఎత్తుగా ఉంటుంది, బరువు ఎక్కువ. ఆ గుణాలే ఏటిలో అడ్డొస్తాయి. సముద్రానికి చేసిన పడవ సముద్రానికే వదిలెయ్యాలి. మంచినీటి వాడకానికి ఫైబర్ పడవ కొత్తగా చేయించుకోవడమో, అల్యూమినియం పడవ కొనుక్కోవడమో మంచిది. అల్యూమినియం రాళ్లకు సొట్టపడినా పగలదు. ఉప్పునీటిలో మాత్రం దానికి ఇత్తడి, రాగి భాగాలు తగలకుండా చూడాలి, లేదంటే ఆ చోట లోహం తినుకుపోతుంది. చెక్క పడవకు అందం ఉంది, ఏటా చాకిరీ కూడా ఉంది. ఊళ్లో వడ్రంగం తెలిసిన మనిషి అందుబాటులో ఉంటేనే దాని జోలికి వెళ్లాలి.

పాత ఫైబర్ పడవను బేరమాడే ముందు నీళ్లలోంచి తీయించి, ఆరబెట్టించి, బోర్లించి చూడాలి. చిన్న చెక్క సుత్తితో అడుగంతా తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట బోలుగా, మొద్దుగా వినిపిస్తుంది. పైపూత మీద చిన్న బొబ్బలుంటే నీరు లోపలికి చేరిందని అర్థం. కొత్త రంగు వేసిన పడవను ఇంకా అనుమానంగా చూడాలి. అన్నింటికన్నా ముఖ్యం ఇంజన్ బిగించే అమరం పలక. దాని లోపల తరచుగా ప్లైవుడ్ ఉంటుంది, బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి అది కుళ్లుతుంది. ఇంజన్ను పట్టుకుని బలంగా కిందికీ పైకీ ఊపినప్పుడు పలక కదిలినా, బోల్టుల చుట్టూ నీరు చెమ్మగిల్లినా ఆ పడవ ఎంత చౌకైనా వదిలెయ్యాలి.

ఇద్దరు ముగ్గురు ఎక్కే పడవకు 5 హార్స్‌పవర్, నలుగురికి 8 నుంచి 10 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్ చాలు. ఏటి ప్రవాహానికి ఎదురు వెళ్లగలిగే శక్తి ఉండాలి, అంతకు మించినది పెట్రోలు తాగడానికే. టూ స్ట్రోక్ ఇంజన్ తేలిక, మరమ్మతు తెలిసినవారు తీరమంతా ఉన్నారు. కానీ పెట్రోల్లో నూనె కలపాలి, పొగ, చప్పుడు ఎక్కువ. ఫోర్ స్ట్రోక్ బరువు ఎక్కువైనా సొంత వాడకానికి అదే మేలు. తాటిపూడి నీరు విశాఖపట్నం తాగునీటికి వెళుతుంది. అలాంటి చోట్ల జలవనరుల శాఖ అనుమతి ఉంటేనే దిగాలి, దిగినా తెడ్లతోనో బ్యాటరీ మోటారుతోనో తిరగాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి పిల్లల్ని పెంచుకుంటాయి. ఆ నెలల్లో నౌపడా వైపు తడి నేలల్లోకి ఇంజన్ పడవ తీసుకెళ్లకూడదు.

కాగితాల పని కొనేముందే మొదలుపెట్టాలి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం ఇంజన్ ఉన్న పడవకు సర్వే, రిజిస్ట్రేషన్, బీమా కావాలి, నడిపేవారికి అర్హత పత్రం కావాలి. సర్వేయర్లను, రిజిస్ట్రార్లను రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. ఇంజన్ లేని పడవల నమోదుకు ఆ చట్టంలోనే విడిగా ఏర్పాటుంది. పడవను మోసే ట్రైలరుకు రవాణా శాఖలో వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. సొంత వాడకానికి నమోదైన పడవలో డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం నేరమే కాదు, ప్రమాదం జరిగితే బీమా కూడా రాదు. 2017 నవంబరు 12న కృష్ణా నది పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాలు ఎన్నో కుటుంబాలను కూల్చేశాయి. ఆ తర్వాత పడవల మీద నిఘా పెరిగింది. ఆ తనిఖీలను ఆటంకంగా చూసేవారు పడవ కొనకపోవడమే మంచిది.

పడవలో ఎందరు ఎక్కాలన్నదానికి ఒక తేలికైన లెక్క ఉంది. పొడవును వెడల్పుతో గుణించి, అడుగుల్లో వచ్చిన దాన్ని 15తో భాగించాలి. 14 అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న పడవకు నాలుగున్నర దాటుతుంది, అంటే నలుగురు. ఐదో మనిషి ఎంత దగ్గరి చుట్టమైనా ఒడ్డునే ఉండాలి. ఎక్కిన ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ తొడుక్కోవాలి, సీటు కింద దాచిన జాకెట్ మునిగేటప్పుడు చేతికందదు. పిల్లలకు వాళ్ల కొలతవే కొనాలి, కాళ్ల సందు నుంచి వచ్చే పట్టీ ఉండాలి, లేకపోతే నీళ్లలో జాకెట్ మెడ మీదుగా జారిపోతుంది. నడిపేవారి చేతికి కట్టుకునే తాడు, మనిషి పడిపోగానే ఇంజన్ ఆపేది, తప్పనిసరి.

మిగతా సామాను చిన్నదే: రెండు తెడ్లు, ఒక గెడ, నీరు తోడే బకెట్, తాడు కట్టిన ట్యూబు, ఈల, టార్చి, మంటలార్పే పొడి సిలిండరు, మందుల పెట్టె, ప్రొపెల్లరుకు విడి పిన్నులు, స్పార్క్ ప్లగ్, అవి విప్పే పనిముట్లు. ఇసుక అడుగున్న ఏటికి పలకలున్న లంగరు పట్టు ఇస్తుంది, రాళ్లున్న రిజర్వాయరుకు కొక్కేల లంగరు. తాడు నీటి లోతుకు ఐదు నుంచి ఏడు రెట్లు ఉండాలి. తాడు చాలకపోతే ఎంత బరువైన లంగరైనా ఈడ్చుకొస్తుంది.

ఈ ఏళ్ల స్వభావం తెలియనివారిని ముంచేది వరద. రాయగడ దగ్గర వాన పడితే నాగావళికి, గుణుపురం దగ్గర పడితే వంశధారకు నీరు వస్తుంది. శ్రీకాకుళంలో ఎండ కాస్తుండగానే ఏరు ఎర్రబడి గట్లు తన్నుకుంటుంది. అందుకే జూన్ నుంచి అక్టోబరు దాకా నదిలో సరదా ప్రయాణం పెట్టుకోకూడదు. మిగతా కాలంలోనూ ఒడిశా వైపు వాన కబురు, బ్యారేజీ నీటి విడుదల కబురు తెలుసుకున్నాకే దిగాలి. గేట్ల ఎగువన నీరు నిశ్శబ్దంగా లాగుతుంది, దిగువన సుళ్లు తిరుగుతుంది. రెండు వైపులా దూరంగానే ఉండాలి. ఇసుక తవ్విన చోట్ల నడుము లోతు పక్కనే నిలువెత్తు గుంత ఉంటుంది కాబట్టి పడవ నెట్టడానికి దిగేవారు ముందు గెడతో లోతు చూడాలి.

మొగల్లో ఇంకో లెక్క. ఇసుక తిన్నె రోజురోజుకీ జరుగుతూ ఉంటుంది. పాటు సమయంలో బయటికి పోయే నీరు, లోపలికి వచ్చే కెరటం ఎదురెదురై తిన్నె మీద నిటారుగా లేస్తాయి. ఏటి పడవతో మొగ దాటే ప్రయత్నమే చెయ్యకూడదు. లోపలి నీటిలో పోటు ఎక్కేటప్పుడు వెళ్లి, పాటు మొదలవకముందే తిరిగి రావాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది కాబట్టి పొద్దుటిపూటే అనువు. వలల బెండ్లు కనిపిస్తే చుట్టు తిరిగి వెళ్లాలి. ఒక వల తెగితే ఒక ఇంటి సంపాదన తెగుతుంది. రేవులో మొదటి రోజే అక్కడి మత్స్యకార పెద్దలను కలిసి, వలలెక్కడ వేస్తారో, పడవ ఎక్కడ కట్టుకోవాలో అడిగితే వాళ్లే దారి చూపిస్తారు. పటంలో దొరకని ఇసుక మేటలన్నీ వాళ్లకు తెలుసు.

సంవత్సరపు పనిని తుపాన్లే నిర్ణయిస్తాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర్లో దాటింది. వానాకాలమంతా పడవ ఒడ్డు మీదే, ఇంటి దగ్గర, బోర్లించి, దుంగల మీద ఎత్తి, నేలలో దిగ్గొట్టిన మేకులకు మోకులతో కట్టి ఉండాలి. కొబ్బరి చెట్ల కింద పెట్టకూడదు. ఇంజన్ ఊడదీసి ఇంట్లో నిలువుగా నిలబెట్టాలి. ట్యాంకులో పెట్రోలు ఉంచకూడదు. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలిస్తే నీరు అడుక్కి దిగి కార్బురేటరును పాడుచేస్తుంది. పెట్రోలు గొట్టంలో నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టడం ఈ వాతావరణానికి అవసరం.

మొగలో తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇంజన్ను పది పదిహేను నిమిషాలు మంచినీటితో నడపాలి. నడుస్తున్నప్పుడు పక్క రంధ్రం నుంచి నీటి ధార సన్నబడిందంటే ఇసుకో నాచో అడ్డుపడింది, లేదా పంపులోని రబ్బరు రెక్కలు అరిగాయి. ఇసుక నీళ్లలో ఆ రెక్కలు త్వరగా పోతాయి, ఏటేటా మార్చెయ్యడమే నయం. గేరు నూనె పాలలా తెల్లబడితే సీలు పోయి నీరు చేరింది. ఇంజన్ కింది భాగాన తుప్పును తన మీదకు తీసుకునే లోహపు ముక్క ఉంటుంది, ఉప్పునీటికి జింకుది, మంచినీటికి మెగ్నీషియంది. సగం అరగ్గానే మార్చాలి. గుర్రపు డెక్క చుట్టుకుంటే ఇంజన్ ఆపి, పైకి వంచి, ఆ తర్వాతే చేత్తో తియ్యాలి. ట్రైలరు చక్రాల బేరింగులు వేడిగా ఉన్నప్పుడు నీళ్లలోకి దించితే నీటిని లోపలికి పీలుస్తాయి, కాసేపు చల్లారనివ్వాలి.

ఫైబర్ మరమ్మతుకు ఫిబ్రవరి, మార్చి నెలలు అనువైనవి. గాలిలో తేమ తక్కువ, ఎండ ఇంకా ముదరదు కాబట్టి రెజిన్ పని పూర్తయ్యేదాకా గట్టిపడకుండా ఆగుతుంది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, ఆ రెండు నెలలూ తీరంలోని పనివాళ్లంతా వేట పడవల మరమ్మతుల్లో మునిగి ఉంటారు. పగులు చుట్టూ గట్టి భాగం కనిపించేదాకా అరగదీసి, అసిటోన్‌తో తుడిచి, గాజు మ్యాట్ పొరలను చిన్నదాని మీద పెద్దది వచ్చేలా వెయ్యాలి. రెజిన్‌కు కలిపే హార్డెనరునూ యాక్సిలరేటరునూ ఎన్నడూ నేరుగా ఒకదానిలో ఒకటి పొయ్యకూడదు, అవి పేలతాయి. ఒకదాన్ని రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది వెయ్యాలి. అరగదీసే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మాస్కు లేకుండా ఆ పని మొదలుపెట్టకూడదు.

చెక్క పడవ కొన్నవారు ఏటా సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెతో పూడ్చాలి. పలాసలో జీడిపప్పు పరిశ్రమ నుంచి వచ్చే జీడిపెంకు నూనె చెక్కను పురుగు నుంచి, తేమ నుంచి కాపాడుతుంది. చర్మాన్ని కాలుస్తుంది కనుక చేతులకు తొడుగులతోనే పుయ్యాలి. పడవ చెక్క, పడవ రక్షణ మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది.

కొన్న ధరలో సుమారు పదో వంతు ఏటా నిర్వహణకు పక్కన పెట్టలేనివారు ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి కొనడం మంచిది, అప్పుడు ఖర్చు, చాకిరీ, నడిపే వంతులు ముందే కాగితం మీద రాసుకోవాలి. సర్వే పత్రం, బీమా, ఇంజన్ నూనె మార్చిన తేదీలు, నడిచిన గంటలు ఒక పుస్తకంలో ఉంచితే అమ్మేనాడు మంచి ధర పలుకుతుంది. అమ్మిన వెంటనే రిజిస్ట్రేషన్ కొన్నవారి పేరుకు మార్పించాలి; అది జరిగేదాకా ఆ పడవ వల్ల వచ్చే ఏ ప్రమాదానికైనా పత్రంలో పేరున్న మనిషినే అడుగుతారు.

ఆశీస్సులతో,
మామయ్య