ఒకే స్క్రిప్టు – పలు కంప్యూటర్లు

కంప్యూటర్ చేయవలసిన పనులను వరుసగా వ్రాసి ఉంచిన ఆజ్ఞల సముదాయమే స్క్రిప్టు. మార్కుల సగటు కట్టడానికి, వందలాది ఫైళ్ళ పేర్లు మార్చడానికి, ప్రయోగ ఫలితాలను క్రోడీకరించడానికి నేడు సైన్సు విద్యార్థులే కాక కామర్సు విద్యార్థులు కూడా స్క్రిప్టులు వ్రాస్తున్నారు. ఒకరి కంప్యూటర్లో చక్కగా నడిచిన స్క్రిప్టు మరొకరి కంప్యూటర్లో నడవకపోవడం అందరికీ అనుభవమే. అయితే నడవకపోవడం కంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. అది ఏ ఆటంకమూ లేకుండా నడిచి, తప్పు సమాధానం ఇవ్వడం. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా చర్చించదలచినది ఆ ప్రమాదాన్ని గురించే.

స్క్రిప్టు తనంతట తాను పని చేయజాలదు. దానిని చదివి అమలు జరిపే ఇంటర్‌ప్రెటర్ కావాలి. తోడ్పడే లైబ్రరీలు కావాలి. వీటన్నిటికీ ఆధారంగా ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి. ఈ మూడూ అందరి కంప్యూటర్లలో ఒకే విధంగా ఉండవు. స్క్రిప్టు వ్రాసేవారు తమ యంత్రంలో ఉన్నదే అన్నిచోట్లా ఉంటుందని తెలియకుండానే ఊహించుకుంటారు. ఆ ఊహ స్క్రిప్టులో ఎక్కడా వ్రాసి ఉండదు కనుక చదివినవారికి కనబడదు.

ఇందుకు రసాయనశాస్త్రం నుండి ఒక ప్రసిద్ధ నిదర్శనం ఉన్నది. అణువుల ఎన్.ఎమ్.ఆర్. విలువలను లెక్కించే విధానాన్ని వివరిస్తూ 2014లో నేచర్ ప్రోటోకాల్స్ పత్రికలో వెలువడిన వ్యాసంతో పాటు కొన్ని పైథాన్ స్క్రిప్టులు కూడా వచ్చాయి. పలువురు పరిశోధకులు వాటిని వాడుకున్నారు. 2019లో హవాయీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకే సమాచారాన్ని ఆ స్క్రిప్టులకు ఇచ్చి వేర్వేరు కంప్యూటర్లపై నడిపి చూశారు. విండోస్ 10లోను, మ్యాక్ మావెరిక్స్‌లోను 173.2 అనే విలువ వచ్చింది. ఉబుంటు 16లో 172.4, మ్యాక్ మొజావేలో 172.7 వచ్చాయి. ఎక్కడా ఒక్క హెచ్చరిక కూడా రాలేదు.

కారణం చాలా చిన్నది. అణువు దాల్చే ఒక్కొక్క ఆకృతికి రెండు రకాల ఫైళ్ళు ఉంటాయి. ఒకదానిలోని సంఖ్యను రెండవదానిలోని సంఖ్యతో జతపరచి సగటు కట్టాలి. ఫైళ్ళ జాబితా అక్షరక్రమంలో వస్తుందని స్క్రిప్టు ఊహించుకున్నది. కాని జాబితా ఏ క్రమంలో ఇవ్వాలో ఆపరేటింగ్ సిస్టమ్ ఇష్టం. క్రమం తారుమారైన చోట ఒక ఆకృతి సంఖ్య మరొక ఆకృతితో జతపడింది. జాబితాను ముందుగా అక్షరక్రమంలో అమర్చుమని ఒక ఆజ్ఞ చేర్చగానే దోషం తొలగిపోయింది.

ఇటువంటి భేదం ఇంటర్‌ప్రెటర్ వెర్షన్లలో కూడా ఉన్నది. పైథాన్ 3 2008 డిసెంబరులో విడుదలైంది. పైథాన్ 2కు ఆదరణ 2020 జనవరి 1తో ముగిసింది. అయినా పాత కంప్యూటర్లలో రెండవ వెర్షన్ ఉండిపోవచ్చు. ఒక విద్యార్థికి నాలుగు పరీక్షలలో కలిపి 139 మార్కులు వచ్చాయనుకుందాం. 139ని 4చే భాగించమంటే పైథాన్ 3 34.75 అని చెబుతుంది. పైథాన్ 2 భిన్నాన్ని విడిచి 34 అని చెబుతుంది. సగటును దగ్గరి పూర్ణాంకానికి సవరించే నియమం ఉండి, ఉత్తీర్ణతకు 35 కావలసినచోట, ఆ విద్యార్థి ఒక కంప్యూటర్లో ఉత్తీర్ణుడు, మరొక కంప్యూటర్లో అనుత్తీర్ణుడు!

తెలుగు, ఉర్దూ రెండూ వాడే మనవంటి కళాశాలకు మరొక విషయం కూడా ముఖ్యం. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు, ఉర్దూ అక్షరం 2 బైట్లు ఆక్రమిస్తాయి. ఫైలును ఏ పద్ధతిలో చదవాలో స్క్రిప్టులో చెప్పకపోతే, చాలా పైథాన్ వెర్షన్లు ఆ కంప్యూటర్ అమరికనే అనుసరిస్తాయి. అందువల్ల లినక్స్‌లో సరిగా కనిపించిన పేర్ల పట్టిక విండోస్‌లో అర్థంలేని గుర్తులుగా మారవచ్చు.

ఈ చిక్కులకు మేము నాలుగు జాగ్రత్తలు సూచిస్తున్నాము. మొదటిది: ఏ వెర్షన్ అవసరమో స్క్రిప్టు ప్రారంభంలోనే పరీక్షింపజేయాలి, అది లేకపోతే కారణం చెప్పి ఆగిపోయేటట్లు వ్రాయాలి. రెండవది: ఫైళ్ళ క్రమం, అక్షర పద్ధతి, ఫోల్డరు స్థానం—వీటిని యంత్రానికి విడిచిపెట్టక స్పష్టంగా పేర్కొనాలి. మూడవది: వాడిన లైబ్రరీల పేర్లు, వెర్షన్లు ఒక జాబితాగా స్క్రిప్టుతో జతచేయాలి. ఒక్కొక్క పనికి లైబ్రరీలను విడిగా ఉంచుకొనే సదుపాయం 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుండి ఉన్నది. కావలసిన సాఫ్ట్‌వేర్‌ను స్క్రిప్టుతో పాటు మూటకట్టి పంపే డాకర్ 2013లో వచ్చింది. కాని డాకరే లేని కంప్యూటర్లో అదీ ఉపయోగపడదు. నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: సమాధానం ముందే తెలిసిన చిన్న లెక్కను ప్రతి కంప్యూటర్లోను మొదట చేయించి చూడాలి. పైన చెప్పిన రసాయనశాస్త్ర దోషం బయటపడింది ఇటువంటి పోలికవల్లనే.

స్క్రిప్టు వ్రాసే విద్యార్థి తన కంప్యూటర్‌ను మాత్రమే కాక, దానిని నడపబోయే అపరిచితుని కంప్యూటర్‌ను కూడా దృష్టిలో ఉంచుకోవాలి. కంప్యూటర్ లాబొరేటరీలో ఏ యంత్రంలో ఏ వెర్షన్ ఉన్నదో తెలిపే పట్టికను ప్రతి సంవత్సరారంభంలో తయారు చేయించి గోడకు అంటిస్తే ఎంతో మేలు. ఇందుకు వ్యయం స్వల్పం. కళాశాల కమిటీవారు ఈ సూచనను పరిశీలించగలరని మనవి.