లాన్ మోవర్‌కి ఏ ఇంజిన్ ఆయిల్ వాడాలి? డబ్బా మీద ఉన్న అంకెల అర్థం ఇదే!

కొత్త ఫోన్ కొనాలంటే ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, ఛార్జింగ్ ఎన్ని వాట్లు అని పది రివ్యూలు చూస్తాం. అదే గడ్డి కోసే మెషిన్ విషయానికొస్తే మాత్రం "ఆయిలే కదా, ఏదో ఒకటి పోసేద్దాంలే" అనుకుంటాం.

డల్లాస్ దగ్గర కొత్తగా ఇల్లు కొన్న మా కజిన్ అయితే ఇంకో అడుగు ముందుకేశాడు. మోవర్‌ని డబ్బాలోంచి తీసి, పెట్రోల్ పోసి, తాడు లాగాడు. స్టార్ట్ అయింది. కాసేపటికే గరగరమని శబ్దం చేసి ఇంజిన్ పట్టేసింది. కారణం సింపుల్. అందులో ఆయిలే లేదు! చాలా కొత్త మోవర్లు ఆయిల్ పోయకుండానే వస్తాయి. చిన్న ఆయిల్ సీసా విడిగా పెడతారు. మనవాడి అట్టపెట్టెలో ఆ సీసా సీల్ కూడా తియ్యకుండా అలాగే ఉంది.

అలాంటి తప్పు మీరు చేయకుండా ఉండాలంటే ఈ నాలుగు విషయాలు తెలిస్తే చాలు.

కారు ఇంజిన్‌కి, మోవర్ ఇంజిన్‌కి తేడా

కారులో రేడియేటర్, ఆయిల్ పంప్, ఆయిల్ ఫిల్టర్ అన్నీ ఉంటాయి. చేత్తో తోసే చిన్న మోవర్‌లో సాధారణంగా ఇవేవీ ఉండవు. ఇంజిన్ గాలికే చల్లబడాలి. లోపల తిరిగే ఒక భాగం కింద ఉన్న ఆయిల్‌ని చిమ్ముతుంటే, ఆ తుంపరలతోనే పార్ట్స్ అన్నీ తడుస్తాయి. ఫిల్టర్ లేదు కాబట్టి మురికంతా ఆయిల్‌లోనే ఉండిపోతుంది. ఇంత పనీ చేసేది సుమారు అర లీటర్ ఆయిల్ మాత్రమే! అందుకే సరైన ఆయిల్, సరైన కొలత ఇక్కడ చాలా ముఖ్యం.

ఎస్‌ఏఈ 30, 10డబ్ల్యూ-30 అంటే ఏంటి?

ఈ అంకెలు ఆయిల్ చిక్కదనాన్ని చెబుతాయి. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే, చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. వెనకున్న 30 అనేది ఇంజిన్ వేడెక్కాక ఉండే చిక్కదనం. దీన్ని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తారు. అంటే 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 రెండూ వేడి మీద ఒకే గ్రేడ్. తేడా అంతా చలిలో స్టార్ట్ చేసేటప్పుడే.

మరి మీకు ఏది సెట్ అవుతుంది?

ఎస్‌ఏఈ 30: 4 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ ఉన్న వాతావరణానికి బాగా పనిచేస్తుంది. అంతకంటే చలిగా ఉంటే స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంది.

10డబ్ల్యూ-30: చలి, ఎండ రెండూ మారుతూ ఉండే చోట మంచి ఆప్షన్. హోండా చిన్న ఇంజిన్లకి సాధారణ వాడకం కోసం చెప్పేది ఇదే. అయితే 27 డిగ్రీలు దాటిన ఎండలో ఆయిల్ కాస్త ఎక్కువ ఖర్చు కావచ్చని బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ చెబుతుంది. కాబట్టి లెవెల్ తరచూ చూసుకోవాలి.

సింథటిక్ 5డబ్ల్యూ-30: గడ్డకట్టే చలి నుంచి మండుటెండ దాకా తట్టుకుంటుంది. ధర మాత్రం కొంచెం ఎక్కువ.

టెక్సాస్ వేసవి అయినా, విజయవాడ ఎండలైనా ఎస్‌ఏఈ 30 లేదా సింథటిక్ 5డబ్ల్యూ-30 తీసుకోవచ్చు. కాకపోతే మీ మెషిన్ మాన్యువల్‌లో వేరేది రాసి ఉంటే దానికే ఓటు వేయండి.

ఏపీఐ రేటింగ్ కూడా చూడండి

గ్రేడ్ ఒక్కటే చూస్తే సరిపోదు. డబ్బా మీద ఏపీఐ పక్కన ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్, ఎస్‌పీ లాంటి అక్షరాలుంటాయి. రెండో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్త స్టాండర్డ్ అన్నమాట. ఎస్‌జే లేదా ఆ తర్వాతిది అయితే చాలా మోవర్లకి సరిపోతుంది. బైక్ ఆయిల్ మీద కనిపించే జాసో ఎంఏ అనే ముద్ర బైక్ క్లచ్ కోసం. మోవర్‌కి దాంతో పనిలేదు.

2టీ, 4టీ కన్ఫ్యూజన్ వద్దు

మన దగ్గర పొలాల్లో కలుపు తీయడానికి వాడే బ్రష్ కట్టర్లలో 2-స్ట్రోక్, 4-స్ట్రోక్ రెండూ ఉన్నాయి. 2-స్ట్రోక్‌లో 2టీ ఆయిల్‌ని పెట్రోల్‌లోనే కలపాలి. 50:1 అని రాసి ఉంటే లీటర్ పెట్రోల్‌కి 20 ఎంఎల్. 4-స్ట్రోక్‌లో పెట్రోల్ వేరు, ఆయిల్ వేరు. పెట్రోల్ ట్యాంక్ మూతతో పాటు ఆయిల్ కోసం ఇంకో మూత కూడా ఉంటే అది 4-స్ట్రోక్ అని గుర్తు. 2-స్ట్రోక్‌లో ఆయిల్ కలపని పెట్రోల్ పోస్తే మా కజిన్ కథే రిపీట్ అవుతుంది.

ఎంత పోయాలి? ఎప్పుడు మార్చాలి?

మెషిన్‌ని సమతలంగా పెట్టి, కొద్దికొద్దిగా పోస్తూ డిప్‌స్టిక్‌తో చెక్ చేయండి. కొన్ని మోడల్స్‌లో డిప్‌స్టిక్‌ని మర బిగించి చూడాలి, కొన్నింటిలో ఊరికే దించి చూడాలి. ఇది మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువ పోసినా ప్రమాదమే. ఆయిల్ నురగ కడుతుంది, తెల్లటి పొగ వస్తుంది, ఎయిర్ ఫిల్టర్ తడిసిపోతుంది.

కొత్త ఇంజిన్ అయితే చాలా మోడల్స్‌లో మొదటి 5 గంటల తర్వాత ఒకసారి, ఆ తర్వాత 50 గంటలకి లేదా ఏడాదికి ఒకసారి మార్చమంటారు. మార్చేముందు స్పార్క్ ప్లగ్ వైర్ తీసేయడం మర్చిపోవద్దు, కింద బ్లేడ్ ఉంది! మెషిన్‌ని వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండాలి. పాత ఆయిల్‌ని డ్రైనేజీలో పారబోయకుండా, వాడిన ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి.

ఈ తలనొప్పంతా ఎందుకు అనుకుంటే బ్యాటరీ మోవర్ ఉండనే ఉంది, దానికి ఇంజిన్ ఆయిలే అక్కర్లేదు. పెట్రోల్ మోవర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం, ఈసారి తాడు లాగే ముందు ఒక్కసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. అర నిమిషం పని, ఇంజిన్ మిగులుతుంది.