పక్క మంచం పిల్లకు వచ్చింది, నాకు రాలేదు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి సరూర్‌నగర్ లోపలికి నడుస్తూ తలెత్తితే చాలు, ఫ్లెక్సీలే. పాస్‌పోర్టు సైజు ఫొటోలు వరసగా, ఒక్కోదాని కింద ర్యాంకు, పక్కన చేతులు కట్టుకుని నిలువెత్తు సారు. నీకు నేను చెప్పేదేముంది చెల్లీ, రోజూ వాటి కింద నుంచే కదా నీ నడక. ఇవాళ మనం ఆ ఫ్లెక్సీ ఎక్కని వాళ్ల ముచ్చట పెట్టుకుందాం. లెక్క తీస్తే వాళ్లే ఎక్కువ మరి.

మా వాడకట్టులో నాలుగిళ్లకో లేడీస్ హాస్టల్. విజయవాడ రోడ్డూ, సాగర్ రోడ్డూ ఎల్బీనగర్ దగ్గరే ఊళ్లోకి దిగుతాయి కాబట్టి నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ పిల్లలకు హైదరాబాద్ అంటే ముందు ఇదే. డిగ్రీయో బీఎడ్డో చేతపట్టుకుని ఒక్క ఏడాదికని వస్తారు. ఆ ఒక్క ఏడాది ఎన్నాళ్లు సాగుతుందో వచ్చిన రోజు ఎవరికీ తెలీదు. మొన్న రైతుబజార్‌లో నిమ్మకాయలు ఏరుతూ నాతో మాట కలిపిన పిల్ల ఒకతి, కాసేపటికే కళ్లనీళ్లు పెట్టుకుంది. "రూంల నలుగురం ఉంటిమక్కా. ఇద్దరికి నౌకరొచ్చింది, ఎల్లిపోయిన్రు. ఒగామె పెండ్లి జేసుకున్నది. నేనే మిగిలిన. నాలనే ఏదో తక్కువున్నదక్కా, లేకుంటే ఎందుకు రాదు?"

ఈ మాట నేను వినని వారం ఉండదు. కానీ ఏం తక్కువే అని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. తెలివా, ఓపికా, జ్ఞాపకమా? "ఏమో అక్కా, మొత్తంగనే" అంటారు. మొత్తంగా తక్కువైన మనిషిని నేనింతవరకు చూడలేదు. అందుకే ఆ పిల్లతో ఓ లెక్క చేయించాను. నువ్వూ చెయ్యి.

తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్‌-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది. పోస్టులు 503, దరఖాస్తులు 3.80 లక్షలు. అంటే కుర్చీకి దాదాపు 750 మంది. అందరూ అపర సరస్వతులే అనుకో, అయినా ఒక్కరు తప్ప మిగతా వాళ్లంతా ఉత్త చేతులతో తిరిగి రావాల్సిందే. సరే, అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు. 2023 జనవరిలో ఫలితాలొస్తే 25 వేల మంది మెయిన్స్‌కు అర్హులయ్యారు. మార్చిలో పేపరు లీకైందని పరీక్షే రద్దు. జూన్ 11న మళ్లీ రాశారు. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో పాతదాన్ని పక్కన పెట్టి 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్ 21 నుంచి 27 దాకా మెయిన్స్, 2025 మార్చిలో మార్కులు, ఆ మీద మళ్లీ కోర్టు మెట్లు, సెప్టెంబర్ చివర్లో నియామక పత్రాలు.

ఇప్పుడు చెప్పు. జనవరిలో పాసైన పిల్ల తెలివి మార్చిలో ఎక్కడికి పోయింది? అదే పిల్ల 2024 జూన్‌లో రెండు మార్కుల దగ్గర ఆగిపోయిందనుకో, ఆమె తెలివైనదా కాదా? పేపరు ఎవరో అమ్ముకుంటే, బయోమెట్రిక్ ఎవరో మరిచిపోతే, ఆ నేరం మోసుకుంటూ హాస్టల్ మెట్లెక్కింది మాత్రం మీరు. టీచరు కావాలనుకున్న వాళ్ల గతి ఇంకోటి. సర్కారు బడుల్లో పోస్టులకు 2017లో నోటిఫికేషన్ ఇచ్చాక మళ్లీ ఇచ్చింది 2023లో. అదీ ముందుకు సాగక 2024లో 11,062 పోస్టులతో కొత్తగా వేసి, ఆ ఏడాదే చాలావరకు భర్తీ చేశారు. 2018లో బీఎడ్ అయిన పిల్లను "ఇంట్లో ఖాళీగా కూసున్నది" అన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు, ఆరేళ్లపాటు ఆమె రాయడానికి ఆ పరీక్షే లేదని? నువ్వు ఓడిపోయానని లెక్కేసుకుంటున్న ఏళ్లలో అసలు పోటీయే జరగనివి ఎన్నో ఒకసారి చూసుకో.

అన్నీ సర్కారు మీద తోసేసి చేతులు దులుపుకోమని కాదు. నీ వాటా నీకుంటుంది. ఎకానమీ అంటే భయమేసి ఏడాదంతా దాటేసి ఉంటావు. టెస్ట్ సిరీస్ కట్టి సగమే రాసి ఉంటావు. అవి ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఎందుకంటే వాటికి మందుంది. ఎకానమీలో వెనకబడితే పుస్తకం తెరుస్తావు. నేనే తక్కువ అనుకుంటే ఏం తెరుస్తావు చెప్పు?

1954లో లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఒక సంగతి రాశాడు. మన స్థాయి తేల్చుకునే గట్టి కొలత దొరకనప్పుడు మనుషులం ఇంచుమించు మనలాంటి వాళ్లతోనే పోల్చుకుంటామట. హాస్టల్ రూమే దానికి రుజువు. కోట్లున్నవాళ్లను చూసి నీకు నిద్ర పట్టకుండా పోదు. పక్క మంచం పిల్ల, నీ వయసుదే, నీ జిల్లాదే, నీతో కలిసి ఒకే కిటికీకి బట్టలారేసుకున్నది, ఆమెకొస్తే మాత్రం గుండెలో మంట. ఆ మంట పుట్టిందని నిన్ను నువ్వు చెడ్డదాన్నని తిట్టుకోకు. "కంగ్రాట్స్ వే" అని కౌగిలించుకుని, బాత్రూంలోకి పోయి ఏడ్చిన పిల్లలు ఈ సరూర్‌నగర్‌లో బోలెడుమంది. ఆ కౌగిలీ అబద్ధం కాదు, ఆ ఏడుపూ అబద్ధం కాదు.

తెలుగు మీడియం బాధ ఒకటుంది, దాన్ని ఊరికే వదలను. ఊళ్లో బడి ఫస్టు వచ్చిన పిల్ల ఇక్కడికొచ్చి, క్లాసులో వెనక బెంచీ చూసుకుంటుంది. డౌటొస్తే అడగదు. ముందు బెంచీ వాళ్లు ఇంగ్లీషులో అడుగుతున్నారు కాబట్టి వాళ్లకంతా వచ్చనుకుంటుంది. అసలు సంగతేంటంటే వాళ్లకూ రాకే అడుగుతున్నారు! నీళ్లు లేక ఎండిపోయిన బోరు గురించి నువ్వు చెప్పగలిగినంత, మిర్చి ధర పడితే ఇంట్లో ఏం జరుగుతుందో నువ్వు రాయగలిగినంత, ఆ ముందు బెంచీ రాయలేదు. ఇంగ్లీషు నేర్చుకో, అవసరమే. కానీ అది రానందుకు నోరు మూసుకుని కూర్చోకు. ఫీజు నువ్వూ కట్టావు.

ఉద్యోగం వస్తే ఇదంతా పోతుందనుకుంటావు కదా? అంత తేలిక కాదు. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు పెద్ద చదువులు చదివి, మంచి హోదాల్లో ఉన్న 150 మందికి పైగా ఆడవాళ్లను గమనించి ఒక వ్యాసం రాశారు. డిగ్రీలు, గౌరవాలు అన్నీ ఉండి కూడా వాళ్లలో చాలామందికి తాము నిజంగా తెలివైనవాళ్లం కాదేమో, జనాన్ని మోసం చేస్తున్నామేమో, ఎప్పుడో బయటపడిపోతామేమో అని లోపల గుబులేనట. అపాయింట్‌మెంట్ ఆర్డరుతో వచ్చే ధైర్యానికి గడువు తక్కువ. తర్వాత ప్రమోషన్ వచ్చిన పక్క సీటామె కనిపిస్తుంది.

ఇలాంటి చోట అందరూ ఒక విజేత కథ చెబుతారు. నేనూ చెబుతాను గానీ, వేరే సంగతి కోసం. పర్వతగిరి మండలం కల్లెడలో కూలీ కుటుంబంలో పుట్టిన జీవాంజి దీప్తిని చిన్నప్పుడు ఆమె రూపాన్నీ, బుద్ధినీ చూసి ఊళ్లో కొందరు ఎగతాళి చేశారు. అనాథాశ్రమంలో వేసెయ్యమని అమ్మానాన్నలకు సలహా కూడా ఇచ్చారు. వాళ్లు వెయ్యలేదు. ఆ పిల్లే 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. "చూశారా, ఆ నోళ్లు మూయించింది" అని అందరం చప్పట్లు కొట్టాం. నాకు మాత్రం ఒకటే అనిపిస్తుంది. ఆమె ఏ పతకమూ తేకుండా కల్లెడలోనే ఉండిపోయినా ఆ మాటలు తప్పే కదా? వాళ్లమ్మకు ఆ సంగతి తెలుసు. పతకం రావడానికి ఎన్నో ఏళ్ల ముందే తెలుసు.

ఒకప్పుడు మన అమ్మలకు కడుపులో మాట రాసుకోవడానికి ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ ఉండేది. దశాబ్దాల పాటు ఆమె ఓపిగ్గా జవాబులిచ్చారు. ఇప్పుడు రాత్రి రెండింటికి నిద్ర పట్టకపోతే, చచ్చిపోతే బాగుండనిపిస్తే ఎవరికీ రాయనక్కర్లేదు, ఉత్తరం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్, 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న సర్కారు నంబరు, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకెన్నాళ్లు రాయాలక్కా అంటావా? జనరల్ వాళ్లకు గరిష్ఠ వయసు 2022లో 34 నుంచి 44కు, 2024లో 46కు పెంచారు. రిజర్వేషన్ ఉంటే ఇంకో ఐదేళ్లు. వినడానికి వరంలా ఉంటుంది గానీ, ఇక చాలు అని చెప్పేవాళ్లు లేకుండా పోయారు. ఆ గీత నువ్వే గీసుకోవాలి. ఇంకోసారి రాస్తావా, రాయి. ప్రైవేటు బడిలో చేరి సాయంత్రాలు చదువుకుంటావా, మంచిదే. నన్నడిగితే రెండోదే మేలంటాను, చేతిలో నాలుగు రూపాయలుంటే పుస్తకం పట్టే చేయి వణకదు. కానీ ఏదైనా నీ డబ్బు, నీ ఆరోగ్యం, నీ ఇష్టం చూసుకుని తేల్చుకో. మేనత్తకు ముఖం చూపించలేక ఇక్కడే ఉండిపోవడం ఒక నిర్ణయం కాదు.

అందుకే ఈసారి బతుకమ్మకు ఊరికి పో. 2024లో దసరా అయిన తొమ్మిదో రోజే మెయిన్స్, చాలామంది పండుగ మానుకుని హాస్టల్‌లోనే ఉండిపోయారు, సరే. పరీక్ష లేనప్పుడూ ఎందుకు మానుకుంటారో నాకు తెలుసు. గునుగు పువ్వు కోసేటప్పుడో, బతుకమ్మ పేర్చేటప్పుడో అత్తమ్మ అడగనే అడుగుతది: "ఏమైందే నీ నౌకరి?" తల దించకు, కథలు చెప్పకు. "రాసిన అత్తమ్మా, రాలే" అను. ఆమె ఇంకేదో అంటది. అననియ్. తాంబాలంలో పూలు సరిపోకపోతే ఇంకో బుట్టెడు తెమ్మను.