పెరటిలో డిస్క్ గోల్ఫ్: ఎగిరే చక్రం నేర్పే పాఠం

డిస్క్ గోల్ఫ్ ఆటలో బంతీ ఉండదు, కర్రా ఉండదు. గుండ్రని ప్లాస్టిక్ డిస్కును నిర్ణీత స్థానం నుండి విసిరి, అది పడిన చోటి నుండి మరల విసురుతూ, ఇనుప గొలుసులు వేలాడే బుట్టలోనికి చేర్చాలి. తక్కువ సార్లు విసిరి ముగించినవారే విజేతలు. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో ఈ క్రీడకు తొలి శాశ్వత మైదానం ఏర్పడింది. దానిని రూపొందించిన ఎడ్ హెడ్రిక్ గొలుసుల బుట్టకు 1977లో పేటెంటు పొందారు.

అమెరికాలో ఇంటి వెనుక ఒకటి రెండు ఎకరాల స్థలం ఉన్న కుటుంబాలు సొంతంగా చిన్న మైదానం ఏర్పరచుకోవచ్చు. అయితే బుట్టలు కొనడానికి ముందు, డిస్కు ఎలా ఎగురుతుందో, ఎటు ఒరుగుతుందో తెలుసుకోవడం అవసరం. మైదానానికి హద్దులు నిర్ణయించవలసినది ఆ జ్ఞానమే.

డిస్కు గమనం

ముందుకు సాగే డిస్కు గాలిని కిందికి మళ్లిస్తుంది. అందుకు ప్రతిగా గాలి దానిని పైకి ఎత్తుతుంది. వేగంగా తిరిగే బొంగరం పడిపోకుండా నిలిచినట్లే, భ్రమణం వల్ల డిస్కు గాలిలో తలకిందులు కాకుండా సాగుతుంది. బొంగరానికి గల మరొక గుణం కూడా దీనికి ఉన్నది. తిరుగుతున్న వస్తువును ఒకచోట నెడితే, ఆ ఫలితం భ్రమణ దిశలో 90 డిగ్రీల అవతల కనిపిస్తుంది.

కుడిచేతి వాటం వారు చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరితే, పైనుండి చూచినపుడు డిస్కు గడియారపు ముళ్ల దిశలో తిరుగుతుంది. వేగం తగ్గిన కొలదీ గాలి దాని ముందు అంచును పైకి నెడుతుంది. భ్రమణం వల్ల ఆ ఫలితం కుడి అంచుపై కనబడి, డిస్కు ఎడమకు ఒరిగి దిగుతుంది. ఎడమచేతి వాటం వారు అదే విధంగా విసిరితే కుడికి దిగుతుంది. ఎదురుగాలిలో డిస్కుకు తగిలే గాలి వేగం పెరుగుతుంది గనుక, అది అనుకున్న దారి నుండి మరింత తప్పుకొనే అవకాశం ఉంది.

ప్రమాదం ఎంత?

సాధారణంగా వాడే డిస్కు బరువు సుమారు 175 గ్రాములు. క్రికెట్ బంతి బరువు 156 నుండి 163 గ్రాములు మాత్రమే. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో విసిరిన డిస్కులో దాదాపు 55 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. దానిని ఆటవస్తువే కదా అని తేలికగా తీసుకోరాదు. పొరుగింటి కిటికీ గాని, దారిన పోయే పిల్లవాడు గాని దాని మార్గంలో ఉండకూడదు.

మైదానం గీయడం

మొదట బుట్టకు బదులు ఒక కర్ర పాతి, విసిరే చోటు నిర్ణయించాలి. కుటుంబంలోని ప్రతివారూ అక్కడి నుండి ఇరవై సార్లు విసిరి, డిస్కు పడిన ప్రతిచోటా చిన్న జెండా గుచ్చాలి. పిల్లలు దూరాలను కొలిచి కాగితంపై గుర్తిస్తే గణితపాఠం కూడా అవుతుంది. సగటు దూరం ఆట ఎంత పొడవుండాలో చెబుతుంది. కాని హద్దును నిర్ణయించవలసినది సగటు కాదు, అన్నిటికన్నా దారి తప్పిన డిస్కు. అది పడిన చోటికి ఆవల మరికొంత ఖాళీ స్థలం విడిచిపెట్టాలి.

ఉదాహరణకు 90 మీటర్ల పొడవు, 90 మీటర్ల వెడల్పు గల స్థలం రెండెకరాలు. నలువైపులా 15 మీటర్లు విడిచితే ఆటకు 60 మీటర్ల చదరం మిగులుతుంది. అందులో మూడు బుట్టలను త్రిభుజాకారంగా నిలపవచ్చు. కుడిచేతి వాటం వారు అప్రదక్షిణంగా ఆడుతూ తిరిగితే, డిస్కు ఎడమకు ఒరిగినపుడు హద్దు వైపు పోక స్థలం లోపలికే వస్తుంది. ఒకసారి ఒక జట్టు మాత్రమే ఆడాలి. ఇల్లు స్థలం మధ్యలో ఉంటే ఈ ఏర్పాటు పనికిరాదు. ఇరువాటాల వారూ ఉన్న కుటుంబం అన్ని వైపులా హద్దు పెంచుకోవాలి.

స్థలం చాలకపోతే డిస్కును మార్చాలి. పలుచని అంచు గల డ్రైవర్ రకం వేగంగా దూరం పోతుంది. మొద్దు అంచు గల పటర్ రకం నెమ్మదిగా సాగుతుంది. పెరటి మైదానానికి పటరే తగినది.

విసిరే చోటు చదునుగా, జారకుండా ఉండాలి. బుట్ట అంచు నేలకు సుమారు 82 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. లేత చెట్లు డిస్కుల దెబ్బకు బెరడు కోల్పోతాయి గనుక వాటిని విసిరే దారికి దూరంగా ఉంచాలి.

ఆడే పద్ధతి

బుట్టకు ఎక్కువ దూరంలో ఉన్నవారు ముందుగా విసరాలి. మిగిలినవారు వారి వెనుక నిలవాలి. బుట్టకు 10 మీటర్ల లోపు నుండి విసిరినవారు నిలకడగా నిలిచిన తరువాతనే ముందుకు అడుగు వేయాలి. డిస్కు దారి తప్పితే వెంటనే పెద్దగా కేకవేసి హెచ్చరించాలి.

పిల్లలకు గాని, వేసవిలో వచ్చే తాతయ్యలకు, అమ్మమ్మలకు గాని బుట్టకు దగ్గరగా వేరొక విసిరే చోటు పెట్టవచ్చు. అందరూ ఒకే బుట్టకు గురిపెట్టి ఆడగలరు. అయితే వారి డిస్కులు పడిన చోట్లకు కూడా జెండాలు గుచ్చి, హద్దును మరల సరిచూచిన తరువాతనే ఆట మొదలుపెట్టాలి.