షెడ్డులో బగ్గీ, చేతిలో పని

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇనుప పైపుల దుకాణానికి వెళ్లి "అన్నా, చిన్న బగ్గీ తయారుచేస్తున్నాం, పైపులు కావాలి" అని అడిగి చూడండి. వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది. "ఈఆర్‌డబ్ల్యూనా, సీమ్‌లెస్సా? మందం ఎంత?" ఇనుప పట్టీని చుట్టి అంచులు అతికిస్తే ఈఆర్‌డబ్ల్యూ పైపు. అతుకు లేకుండా వచ్చేది సీమ్‌లెస్. ఈ తేడాను మార్కుల కోసం చదివినవాళ్లు చాలామందే ఉంటారు. బండి బోల్తా కొడితే తలకీ నేలకీ మధ్య ఉండేది ఈ పైపేనని తలచుకుని, నాలుగు డబ్బులు ఎక్కువైనా ఏది కొనాలో తేల్చుకున్నవాళ్లు కొద్దిమందే. ఆటోమొబైల్ రంగంలో పని ఇచ్చేవాళ్లు వెతుక్కునేది ఆ కొద్దిమందినే.

డ్యూన్ బగ్గీ అంటే ఇసుక దిబ్బల మీద, గతుకు నేల మీద పరిగెత్తే తేలికపాటి బండి. తలుపులు ఉండవు. పైపులతో అల్లిన పంజరం, వెనక ఇంజను, లావుపాటి టైర్లు, అంతే. దీన్ని ఇంటి దగ్గరే తయారుచేయాలని భార్యాభర్తలో, అన్నదమ్ములో, ఇద్దరు స్నేహితులో సంకల్పించగానే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటుంది: "దీంతో ఏమొస్తుంది?" న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. బగ్గీ ఒక్కటే అయినా అందులో ఉన్న వృత్తులు అనేకం. ఫ్రేము, వెల్డింగ్, ఇంజను, సస్పెన్షన్, వైరింగ్, ఫైబర్ బాడీ, రంగు, ఖర్చుల పద్దు. వీటిలో ఏ పని ముందు కూర్చుంటే మీకు భోజనం వేళ దాటినా తెలియదో, ఒక బండి పూర్తయ్యేసరికి తేలిపోతుంది. మూడు నాలుగేళ్ల కోర్సులో చేరేముందు తెలుసుకోవలసిన సంగతుల్లో ఇంతకన్నా ముఖ్యమైనది నాకు కనబడలేదు.

ఈ బండికి ఇప్పుడున్న రూపం ఇచ్చిన బ్రూస్ మేయర్స్ కార్ల కంపెనీలో ఎదిగినవాడు కాదు. కాలిఫోర్నియాలో పడవలు తయారుచేసేవాడు. ఫైబర్‌గ్లాస్‌తో పడవలు పోసిన చేత్తోనే 1964లో తన గ్యారేజీలో 'మేయర్స్ మ్యాంక్స్' అనే బగ్గీ తీశాడు. మొదటి పన్నెండింటికి ఫైబర్ బాడీయే ఫ్రేము కూడా. అలా చేస్తే ఖర్చు కలిసిరాలేదు. ఆ తర్వాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు అడుగుభాగాన్ని కురచ చేసి, దాని మీద బాడీ కూర్చోబెట్టాడు. 1967లో టెడ్ మాంగెల్స్‌తో కలిసి మెక్సికోలోని బాహా ద్వీపకల్పాన్ని 34 గంటల 45 నిమిషాల్లో దాటి, అప్పటిదాకా మోటార్‌సైకిల్ మీద ఉన్న రికార్డును ఐదు గంటల తేడాతో కొట్టేశాడు. ఆ వెంటనే నకళ్లు పుట్టుకొచ్చాయి. కోర్టులో ఆయన పేటెంట్ నిలవలేదు. 1971 నాటికి కంపెనీ మూతపడింది. 1994లో భార్య విన్నీతో కలిసి మ్యాంక్స్ క్లబ్ పెట్టి, పాత బగ్గీల యజమానులను ఒకచోట చేర్చిన తర్వాతే ఆయన మళ్లీ కిట్‌లు తయారుచేయడం మొదలైంది. బండి చేయడం ఒక విద్య, దాన్ని ఇష్టపడేవాళ్లను కూడగట్టడం ఇంకొక విద్య. ఇద్దరు కలిసి దిగే పనిలో ఈ రెండోది ఎవరిదో మొదటి రోజే మాట్లాడుకోవాలి. చాలా షెడ్లలో ఆ మాటే జరగదు.

మనకు బీటిల్ దొరకదు. మన బీటిల్ మారుతి 800. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన ఆ కారులో ఇంజను, గేర్‌బాక్సు, తిప్పే చక్రాలు అన్నీ ముందుభాగంలోనే ఒక ముద్దగా ఉంటాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆ ముద్దను విడదీయకుండా తెచ్చి డ్రైవరు సీటు వెనక బిగిస్తే బగ్గీకి కావలసిన వెనక ఇంజను సిద్ధం. వినడానికి ఇంత తేలిగ్గా ఉంటుంది. అసలు చదువు ఇక్కడే మొదలవుతుంది. వెనక్కు తెచ్చిన ఆ చక్రాలు నిన్నటిదాకా ముందు చక్రాలు, అంటే పక్కలకు తిరిగే చక్రాలు. స్టీరింగ్ రాడ్లు ఉన్నచోట పొడవు సర్దుకునే లింకులు పెట్టి వాటిని ఫ్రేముకు కట్టేయాలి. కట్టేయకపోతే గతుకు తగిలినప్పుడల్లా వెనక చక్రం తనకు తోచిన వైపు తిరుగుతుంది. గేరు రాడ్డు దారి మారిపోయింది కాబట్టి కేబుళ్లు వేయాలి. రేడియేటర్ ముందు పెడితే పొడవాటి పైపుల్లో గాలి చిక్కుకుని ఇంజను కాగిపోతుంది. అందుకని అన్నిటికన్నా ఎత్తైన చోట గాలి వదిలే ఏర్పాటు ఉండాలి. ఒక మార్పు చేస్తే అది ఇంకో మూడు మార్పులు అడుగుతుంది. డిజైన్ ఇంజనీరు రోజూ చేసే పని ఇదే. మరో మాట, సెకండ్‌హ్యాండ్ ఇంజను కొనేటప్పుడు బిల్లు మీద ఇంజను నంబరు రాయించుకోండి. నంబరు గీకేసిన ఇంజను ఎంత చవకైనా ముట్టుకోకండి.

తిరుమలగిరి వైపు ఒక ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఒక జంట ఉన్నారనుకుందాం. ఆమె మెకానికల్ డిప్లొమా, వెల్డింగ్ ఆమెది. అతను ఎలక్ట్రీషియన్, వైరింగ్ అతనిది. అడుగు ఫ్రేముకు నాలుగు పైపులు పేర్చి, మూలల్లో ట్యాక్‌లు, అంటే తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న అతుకులు, మాత్రమే వేశారు. ఇప్పుడు టేపు పట్టారు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు 2,412 మిల్లీమీటర్లు. రెండో జత మూలల మధ్య 2,405. "ఏమండీ, ఇంకోసారి పట్టండి" అంటుందామె. మళ్లీ అంతే. ఏడు మిల్లీమీటర్లు. చతురస్రం అనుకున్నది కాస్త పక్కకు ఒరిగింది. పూర్తి వెల్డింగ్ వేసేస్తే ఆ ఏడు మిల్లీమీటర్లు ఫ్రేము నుంచి సస్పెన్షన్‌కు, అక్కణ్నుంచి చక్రాలకు పోతాయి, బండి జీవితాంతం ఒక పక్కకు లాగుతుంది. గ్రైండర్‌తో రెండు ట్యాక్‌లు కోశారు. పొడుగొచ్చిన మూలలకు క్లాంపు వేసి బిగిస్తూ, కొలుస్తూ, రెండు కొలతలూ కలిశాక మళ్లీ ట్యాక్ వేశారు. ఆ తర్వాత ఒక మూల వెల్డ్ వేసి, దాని పక్కదానికి పోకుండా ఎదుటి మూలకు వెళ్లింది ఆమె. వేడెక్కిన ఇనుము చల్లారుతూ తనవైపు లాక్కుంటుంది. ఎదురెదురుగా వేస్తే ఆ లాగుడు కొంతవరకు సరికి సరి అవుతుంది. చీకటిపడేసరికి అయిన పని ఒక చతురస్రం. అతను నోటుపుస్తకంలో తేదీ వేసి, రెండు కొలతలూ, ఏం చేస్తే సరిపడిందో రాశాడు.

ఆ నోటుపుస్తకాన్ని ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. మెరిసే బండి ఫొటో ఎవరైనా చూపించగలరు. ఫలానా రోజు ఏడు మిల్లీమీటర్ల తేడా ఎందుకొచ్చింది, ఎలా దిద్దాను అని చెప్పగలిగిన అభ్యర్థి దగ్గర ఇంజనీరు కాసేపు ఆగి కూర్చుంటాడు. కొలతలు, ఫొటోలు, పాడైన భాగాలు, బిల్లులు, అన్నీ అందులో ఉండాలి. ఖర్చుల పేజీ మరీ ముఖ్యం.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే. పంజరానికి నీళ్ల కోసం వాడే జీఐ పైపు వాడొద్దు. బోల్తా దెబ్బకు తట్టుకోవడానికి తయారుచేసింది కాదది. పైగా దాని మీది జింకు పూత వెల్డింగ్ వేడికి పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జ్వరం తెస్తుంది. హెల్మెట్, వెల్డింగ్ అద్దం, నిప్పార్పే సిలిండరు షెడ్డులోకి వచ్చాకే మొదటి పైపు రావాలి. పెట్రోలు ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య రేకు గోడ, డ్రైవరు చేతికి అందేచోట ఇంజను ఆపే స్విచ్చి తప్పనిసరి.

హైదరాబాద్‌లో ఈ విద్యకు నిలువెత్తు ఉదాహరణ బహదూర్‌పురాలో ఉంది. జూపార్కు దగ్గరి సుధా కార్స్ మ్యూజియం. కన్యబోయిన సుధాకర్ బడిపిల్లాడిగా ఉన్నప్పుడే తుక్కు సామానుతో బళ్లు చేయడం మొదలుపెట్టారు. 2005 జులై 1న ఆయన ఈ నగరంలో నడిపిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు ట్రైసైకిల్ ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. బర్గర్, కెమెరా, వంకాయ, చేతిసంచి ఆకారాల్లో ఆయన చేసిన బళ్లు బొమ్మలు కావు, నడుస్తాయి. వాటిని అమ్మకుండా 2010లో మ్యూజియం తెరిచి, టికెట్టు మీద నడుపుతున్నారు. ఒక ఆదివారం వెళ్లండి. బళ్ల ఆకారాలు చూశాక వంగి వాటి కిందకు చూడండి. ఇంజను ఎక్కడ పెట్టారు, స్టీరింగ్‌ను ఎలా మళ్లించారు, చక్రం ఎక్కడ దాచారు అని గీసుకోండి.

ఇంజనీరింగ్ విద్యార్థులకు దగ్గరి దారి బాహా ఎస్ఏఈ ఇండియా పోటీ. 2007 నుంచి జరుగుతోంది. పేరు కూడా ఆ మెక్సికో బాహా నుంచి వచ్చినదే. విద్యార్థుల జట్టు ఒంటిసీటు బగ్గీని డిజైన్ చేసి, తయారుచేసి, పరుగెత్తించాలి. పెట్రోలు విభాగంలో అందరికీ ఒకే రకం ఇంజను. కాబట్టి గెలుపంతా బరువు తగ్గించడంలో, సస్పెన్షన్‌లో, డ్రైవరు నేర్పులో ఉంటుంది. పంజరం ముఖ్య పైపులకు 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 0.18 శాతం కార్బన్ అన్నది మూల ప్రమాణం. మందం ఎంతన్న రాణిగంజ్ దుకాణదారు ప్రశ్నకు జవాబు ఇదే. బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ బిగుసుకోవాలి. చివరి పరీక్ష నాలుగు గంటల ఓర్పు పరుగు. విద్యుత్ బళ్ల విభాగం కూడా ఉంది. బ్యాటరీ, మోటారు కంట్రోలర్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు అటు చూడండి. చాలా జట్లలో నిర్లక్ష్యానికి గురయ్యే భాగాలు ఖర్చు నివేదిక, అమ్మకపు ప్రదర్శన. మాట నేర్పున్న జూనియర్‌కు అక్కడ ఖాళీ కుర్చీ ఉంటుంది, అడిగి తీసుకోండి.

చట్టం సంగతి చెప్పకుండా ఇది ముగించలేను. ఇంట్లో తయారైన బగ్గీకి రోడ్డెక్కే హక్కు లేదు. కొత్త నమూనా వాహనం రోడ్డు మీదికి రావాలంటే పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి అధీకృత సంస్థ పరీక్షలు నెగ్గాలి. ఒక్క బండికోసం ఆ ఖర్చు ఎవరూ పెట్టలేరు. రిజిస్టరైన కారును కోసి మార్చడమూ కుదరదు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే ఖరారు చేసింది. ఉల్లంఘిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. మీ బగ్గీ చోటు సొంత పొలం, ప్రైవేటు ట్రాక్, యజమాని అనుమతించిన బీడు. ట్యాంక్‌బండ్ మీద ఒక్క రౌండ్ వేద్దామన్న సరదాకు పోలీసు కేసు తోడైతే రేపటి ప్రభుత్వ ఉద్యోగ దరఖాస్తులో ఆ కేసు గడి నింపాల్సింది మీరే.

ఇక చదువులు. వెల్డింగ్ మీద చెయ్యి నిలిచినవాళ్లకు ఐటీఐ వెల్డర్ ట్రేడు ఏడాది. మోటారు వాహన మెకానిక్, ఫిట్టర్ ట్రేడులు రెండేళ్లు. ఐటీఐ అంటే దారి మూసుకుపోయిందన్న అపోహ ఇంకా ఉంది. అది తప్పు. రెండేళ్ల ట్రేడు చదివినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో, డిప్లొమా చదివినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పదో తరగతి నుంచి నేరుగా డిప్లొమాకైతే పాలిసెట్. కొలతల మీద, అచ్చుల మీద ప్రేమ ఉన్నవాళ్లు బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో టూల్, డై డిప్లొమా చూడాలి. 1968లో పెట్టిన సంస్థ అది. ఫైబర్, ప్లాస్టిక్ వైపు మొగ్గు ఉంటే చర్లపల్లిలోని ప్లాస్టిక్ ఇంజనీరింగ్ సంస్థ సీపెట్. ఆలోచన ఉండి యంత్రాలు లేనివాళ్లకు రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ ఉంది.

సికింద్రాబాద్ పిల్లలకు ఇంటి ముందరే ఉన్న అవకాశాన్ని చాలామంది చివరన గుర్తుచేసుకుంటారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో 1893 నుంచి ఈ ఊరివాళ్లు ఇనుముతో పనిచేస్తున్నారు. దక్షిణమధ్య రైల్వే ఫిట్టర్, వెల్డర్, డీజిల్ మెకానిక్ వంటి ట్రేడుల్లో అప్రెంటిస్‌లను తీసుకునేటప్పుడు రాతపరీక్ష ఉండదు. పదో తరగతి, ఐటీఐ మార్కుల సగటు చూస్తారు. కనుక షెడ్డులో ఎన్ని రాత్రులు గడిపినా ఐటీఐ మార్కులు జారవిడుచుకోకండి.

సొంతంగా బతకాలనుకునే జంటకు నేను నిర్మొహమాటంగా చెప్పేది, బగ్గీలు అమ్మి ఇల్లు నడపడం మీద మొదటి ఏళ్లలో ఆశ పెట్టుకోవద్దని. బగ్గీ మీ చేతి పనికి సాక్ష్యం. దాన్ని చూసి వచ్చే పనులు వేరు. వికలాంగులు నడుపుకొనేలా స్కూటర్లు, కార్లు మార్చే పని ఉంది. ఆర్టీవో ముందస్తు అనుమతితో దాన్ని చట్టం ఒప్పుకుంటుంది, దాని అవసరం కూడా చాలా ఉంది. ఫుడ్ ట్రక్కుల లోపలి అమరిక, పొలాలకు ట్రాలీలు, అడ్వెంచర్ పార్కుల్లో ఏటీవీల మరమ్మతు, ఇలా ఇవన్నీ ఆ షెడ్డులో నేర్చిన పనులే. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ముద్రా రుణానికి బ్యాంకు మేనేజరు అడిగే అంచనా వ్యయం మీ నోటుపుస్తకంలోనే ఉంటుంది. వ్యాపారం ఆమె పేరు మీద పెడితే మహిళా వ్యాపారుల కోసం 2018లో మొదలైన వీ-హబ్ తలుపు కూడా తట్టొచ్చు.

ఇంత చదివి కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, రెండు అడుగుల పైపు కొనండి. మధ్యకు కోయండి. ఒక ముక్క చివరను రెండో ముక్క గుండ్రానికి అతికేలా అరగదీయండి, చేప నోరులా ఉంటుంది. దీపం వెనక పెట్టి చూసినా సందు కనబడకూడదు. మీ దగ్గరి వెల్డింగ్ షాపులో బతిమాలి, ఆయన పక్కన నిలబడగా మీరే ఆ అతుకు వేయండి. చల్లారాక హాక్సా బ్లేడుతో ఆ అతుకును నిలువునా కోసి లోపల చూడండి. పైన అందంగా కనబడిన వెల్డ్ లోపల ఇనుములోకి దిగిందా, పైపైనే కూర్చుందా? రెండోసారి వేసేటప్పుడు ఏం మార్చాలో రాసుకోండి.