పొగ లేని వంటిల్లు: పల్లెలలో ఇంధన భాగస్వామ్యం

తెల్లవారుజామున పల్లెకు పోయినచో పూరిళ్ళ కప్పుల సందులనుండి పొగ మెల్లగా పైకి లేస్తూ కనిపిస్తుంది. దూరమునుండి చూచేవారికి అది మనోహర దృశ్యమే. ఆ కప్పు క్రింద ఊదుడు గొట్టం చేతబట్టి, కొంగుతో కన్నీరు తుడుచుకొంటూ, ఒడిలో పసిబిడ్డతో పొయ్యి ముందు కూర్చొన్న ఇల్లాలికి మాత్రం అది ఊపిరికి సంబంధించిన విషయం. ఉర్దూలో చూల్హా అన్నా, తెలుగులో పొయ్యి అన్నా దాని పొగ ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఇండ్లలోని ఇట్టి కాలుష్యం కారణంగా 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షలమంది అకాల మరణం పొందారు. పిల్లలలో న్యుమోనియా, పెద్దలలో దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు, గుండెజబ్బులు, స్త్రీల కన్నులలో శుక్లాలు ఈ పొగవలన అధికమవుతాయని వైద్యులు చెబుతారు.

ఈ సంగతి శాస్త్రజ్ఞుల దృష్టికి రావడానికి చాలాకాలం పట్టినది. వాయు కాలుష్యమనగానే ఫ్యాక్టరీ గొట్టాలు, మోటారు వాహనాలు మాత్రమే అందరికీ స్ఫురించేవి. కర్క్ స్మిత్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు భారతీయ సహచరులతో కలిసి గుజరాత్ పల్లెలలో వంట చేసే స్త్రీలు పీల్చే పొగను కొలిచి, ఆ ఫలితాలను 1983లో ప్రకటించిన తరువాతనే వంటిల్లు కూడ కాలుష్య శాస్త్రంలో ఒక అధ్యాయమైనది.

విచిత్రమేమనగా, ఈ కొలతలకు మూడు దశాబ్దాల ముందే దీనికి ఉపాయం వెదకినవాడొకడు మన హైదరాబాదులో ఉన్నాడు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు రూపొందించిన పొగరాని పొయ్యి ఆ పరిశోధనాలయం పేరుతోనే ప్రసిద్ధి చెందినది. ఆయన 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను ఇంగ్లీషు పుస్తకాన్ని ప్రచురించాడు. ఆ పొయ్యి మట్టితోనే కట్టేది. ఒకే మంట వేడి వరుసగా ఉన్న కుండల క్రిందుగా సాగిపోతుంది; మిగిలిన పొగ గొట్టం ద్వారా ఇంటి కప్పు దాటి బయటకు పోతుంది. ఇంతకన్న చౌకయైన పరికరం ఊహించడం కష్టం. మన నగరపు పరిశోధనాలయం పేరు పొయ్యిల చరిత్రలో నిలిచియున్నదని మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో!

అయితే చౌకయైన వస్తువు ఇల్లిల్లూ చేరినదా? కేంద్ర ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ పథకాన్ని ప్రారంభించినది. 2002లో కేంద్రం ఈ బాధ్యతను విరమించునాటికి సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు అమర్చినట్లు లెక్కలు చూపబడినవి. కాని వాటిలో పెక్కు పొయ్యిలు కొద్దికాలంలోనే మూలబడినవి. పొగగొట్టంలో మసి పేరుకొని పూడిపోయినది, మట్టి పగిలినది, రొట్టెల పెనానికి, సంకటి కుండకు పొయ్యి నోరు సరిపోక ఇల్లాలే దానిని పగులగొట్టి వెడల్పు చేసికొన్నది. పొయ్యి కట్టిన పనివానికి ముట్టేది కట్టిన పొయ్యికి కూలి. మరునాటినుండి అది ఎట్లు పనిచేసినను అతని కూలి పెరగదు, తరగదు. ఒడిశాలో గ్రామవికాస్ అను స్వచ్ఛంద సంస్థ పంచిన పొయ్యిలను ఆర్థికశాస్త్రవేత్తలు ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రీమా హన్నాలు నాలుగేండ్లపాటు పరిశీలించి ఇట్టి విషయమే కనుగొన్నారు. మొదటి సంవత్సరం స్త్రీలు పీల్చే పొగ కొంత తగ్గినది. తరువాత ఆ మేలు కూడ మాయమైనది. పొయ్యిలను బాగుచేయించి క్రమంగా వాడే ఏర్పాటు సాగకపోవడమే అందుకు కారణం.

నా అభిప్రాయంలో గ్రామీణ ఇంధన సమస్యకు కీలకం ఇక్కడనే ఉన్నది. వస్తువును ఇచ్చిన మరునాటినుండి దాని బాధ్యత ఎవరిది అను ప్రశ్నకు సమాధానం చెప్పని భాగస్వామ్యం ఎంత పెద్దదైనను కాగితంమీదనే నిలుస్తుంది.

వంటగ్యాసు చరిత్ర కూడ దీనినే చూపుతున్నది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ‘దీపం’ పథకం ఆరంభమైనది. పొదుపు సంఘాలలో సభ్యులైన పేద మహిళల పక్షాన ప్రభుత్వమే వెయ్యి రూపాయల డిపాజిట్టును చమురు కంపెనీలకు చెల్లించినది. మహిళా సంఘం, ప్రభుత్వం, కంపెనీ – ఈ మూడింటి కలయిక ఆనాటికి క్రొత్త ఆలోచన. కాని సిలిండరు ఖాళీయైనపుడు మరల నింపించుకొనే ఖర్చు ఇల్లాలిదే. కూలి రోజువారీగా వచ్చును. సిలిండరు ధర ఒక్కసారిగా చెల్లించవలెను. కట్టెలు మాత్రం పొలం గట్టున డబ్బులేకుండ దొరుకుతాయి. అందుచేత అనేక ఇండ్లలో గ్యాసు చుట్టాలు వచ్చిననాటి కాఫీకి, వానకు కట్టెలు తడిసిననాటి వంటకు పరిమితమైనది.

2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభమైన ఉజ్జ్వల పథకం దీనినే దేశమంతటా విస్తరింపజేసినది. 2019 సెప్టెంబరునాటికి 8 కోట్ల కనెక్షన్లు పూర్తియైనవి. ఇంతటి వేగం ప్రశంసనీయమే. కాని పొయ్యికి, మొదటి సిలిండరుకు కంపెనీలు ఇచ్చిన అప్పును తరువాతి సిలిండర్ల సబ్సిడీనుండి మినహాయించుకొనే నియమం ఒకటి ఉండెను. అనగా సబ్సిడీ అత్యవసరమైన ఆ తొలి నెలలలోనే అది పేదవారి చేతికి అందలేదు! 2018లో ఈ మినహాయింపును కొంతకాలం వాయిదా వేశారు. 2018 చివరనాటికి ఉజ్జ్వల కుటుంబాలు సగటున ఏడాదికి మూడు సిలిండర్లకు కొంచెం పైగా మాత్రమే వాడుతున్నట్లు కాగ్ నివేదిక తెలిపినది. తరువాత 2022లో సిలిండరుకు 200 రూపాయల సబ్సిడీని ప్రకటించి, 2023లో దానిని 300కు పెంచారు. 2024లో తెలంగాణలో 500 రూపాయల సిలిండరు, ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చినవి. కనెక్షను ఇవ్వడంతో పని ముగియదని ప్రభుత్వాలు గుర్తించడానికి పాతికేండ్లు పట్టినదన్నమాట.

దీనికి భిన్నమైన మార్గమొకటి మన తెలుగువారు అధికంగా నివసించే కర్ణాటక సరిహద్దులో, బాగేపల్లి ప్రాంతంలో కనిపిస్తుంది. అనంతపురం సీమను ఆనుకొనియున్న ఈ మెట్టభూములలో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు ‘కూలీ సంఘం’గా ఏర్పడినారు, 1977లో స్థాపితమైన ‘అడాట్స్’ అను స్వచ్ఛంద సంస్థ వారికి తోడు నిలిచినది. వీరు ఐదు తాలూకాలలో 5,500 గోబర్ గ్యాస్ యూనిట్లు నిర్మించుటకు పూనుకొన్నారు.

విద్యార్థుల కొరకు ఈ యూనిట్ పనిచేయు తీరును కొంత వివరిస్తాను. పేడను సమానమైన నీటితో కలిపి భూమిలో కట్టిన ఇటుక గుమ్మటంలోనికి పోస్తారు. గాలి సోకని ఆ చీకటిలో సూక్ష్మజీవులు పేడను కుళ్ళబెట్టినపుడు పుట్టే వాయువులో సగానికి పైగా మీథేన్ ఉంటుంది. అది గొట్టం ద్వారా వంటింటికి వచ్చి నీలిమంటతో మండుతుంది. మిగిలిన బురద పొలానికి చక్కని ఎరువు. పూర్వం ఖాదీ కమిషన్ ప్రచారం చేసిన నమూనాలో వాయువును పట్టియుంచుటకు ఇనుప డ్రమ్ము వాడేవారు. అది తుప్పు పట్టేది, ఖరీదు కూడ ఎక్కువ. 1984లో రూపొందిన ‘దీనబంధు’ నమూనా ఆ డ్రమ్మును తొలగించి ఖర్చు తగ్గించినది. రెండు ఘనమీటర్ల యూనిట్‌కు దినానికి సుమారు 50 కిలోల పేడ, అనగా మూడు నాలుగు పశువుల పేడ కావలెను. నాలుగైదుగురున్న కుటుంబానికి ఆ వాయువు సరిపోవును.

ఇక డబ్బు మాట. 1997నాటి క్యోటో ఒడంబడిక ప్రకారం, పేద దేశాలలో తగ్గించిన కర్బన ఉద్గారాలకు ధ్రువపత్రాలు పొంది ధనిక దేశాలకు విక్రయించే వీలుండెను. కట్టెలు, కిరోసిన్ మానినందువలన తగ్గిన ఉద్గారాలను లెక్కగట్టి, బాగేపల్లి పథకాన్ని 2005లో ఐక్యరాజ్యసమితి సంస్థ వద్ద నమోదు చేశారు. ఆ పత్రాలపై ముందుగా వచ్చిన సొమ్ముతో యూనిట్లు కట్టినారు. ఇందులోని సొగసు ఏమనగా, యూనిట్ చెడిపోయి మంట ఆగిననాడు పత్రమూ ఉండదు. కనుక ఎవరింటిలో గొట్టం కారుతున్నది, ఎవరింటిలో పేడ చాలక గ్యాసు రాలేదు అని తెలిసికొని సరిచేయడం దయతో చేసే పని కాలేదు. లెక్కకు అవసరమైన పని అయినది. కర్బన వ్యాపారాన్ని గురించి నాకు సందేహాలు లేకపోలేదు. పారిస్‌లోనో లండన్‌లోనో వెలువడే పొగకు బాగేపల్లి కూలీ ఇల్లాలు పరిహారం సమకూర్చడం న్యాయమా అని అడుగవచ్చును. 2012 చివరికి ఐరోపా విపణిలో ఈ పత్రాల ధర టన్నుకు ఒక యూరోకు దిగువకు పడిపోయినది కూడ. అయినను బాధ్యతను నిత్యకృత్యంగా మార్చిన ఆ ఏర్పాటును మాత్రం మనం అధ్యయనం చేయదగును.

ఇక్కడ మరొక లోటు కూడ చెప్పక తప్పదు. పశువులు లేనివారికి గోబర్ గ్యాస్ లేదు. భూమి, గొడ్డు రెండూ లేని కుటుంబం, అనగా అందరికన్న పేద కుటుంబం, ఈ పథకానికి వెలుపలనే మిగిలిపోవును. వారికి సిలిండరే దిక్కు. చిన్న చిన్న మొత్తాలలో కొనుటకు వీలుగా ఐదు కిలోల సిలిండరు అందుబాటులో ఉన్నది, కాని అది పల్లె దుకాణంవరకు వచ్చినప్పుడే ప్రయోజనం.

మన కళాశాలలో జాతీయ సేవా పథకం క్రింద విద్యార్థులు ఏటా గ్రామాలకు వెళ్ళి సర్వే చేస్తారు. ఆ పత్రంలో ‘మీ ఇంట్లో గ్యాసు ఉన్నదా’ అను ప్రశ్న సాధారణంగా ఉంటుంది. ‘ఉన్నది’ అనే జవాబుతో అది ముగుస్తుంది. దాని స్థానంలో ‘క్రిందటి సిలిండరు ఏ నెలలో వచ్చినది, దానికి డబ్బు ఎక్కడనుండి తెచ్చితిరి’ అని అడుగవలెనని కమిటీవారికి నా మనవి. సమాధానం పురుషునినుండి కాక వంట చేసే వారినుండి తీసికొనవలెను. వీలైనచో వంటింటి ప్రక్కనున్న కట్టెల పొయ్యిని కూడ చూచి, దాని బూడిద నేటిదో, నిరుటిదో వ్రాసికొని రావలెను.